జపాన్‌లో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం: తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్‌లోని గున్మా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) చిన్న ఊళ్ల బడుల్లో ఇంగ్లీష్ చెబుతున్నాను. హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ తిరుపతి నుంచీ నాకు వచ్చే మెసేజీల్లో మళ్లీ మళ్లీ అవే సందేహాలు. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా, బ్రిటన్ వాళ్ల కోసం రాసినవి. మన డిగ్రీలు, మన మీడియం, మన తిండి వాటిలో ఉండవు. అందుకే భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి పనికొచ్చేలా ఒకచోట రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## అప్లై చేయకముందు

మన ఇండియన్ యాక్సెంట్‌కి జపాన్‌లో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం ఇస్తారా?

ఇస్తారు. "నేటివ్ స్పీకర్లు మాత్రమే" అని రాసే ప్రకటనలు ఇంకా కనిపిస్తాయి, ముఖ్యంగా ప్రైవేట్ ఇంగ్లీష్ స్కూళ్ల నుంచి. వాటిని వదిలేయండి. ప్రభుత్వ బడుల్లో ఫిలిప్పీన్స్, జమైకా, దక్షిణాఫ్రికా, ఇండియా నుంచి వచ్చినవాళ్లు పనిచేస్తున్నారు. ఇంటర్వ్యూలో చూసేది మీరు నిదానంగా, స్పష్టంగా, చిన్న వాక్యాల్లో మాట్లాడగలరా అన్నది. అమెరికన్ యాక్సెంట్ తెచ్చిపెట్టుకోవద్దు, అది ఐదు నిమిషాల్లో జారిపోతుంది. వి, డబ్ల్యూ శబ్దాలు మన నోట్లో కలిసిపోతాయి కాబట్టి వాటిని మాత్రం సాధన చేయండి. మనం ఇంగ్లీష్‌ని బడిలో కష్టపడి నేర్చుకున్నవాళ్లం. జపాన్ పిల్లలు చేస్తున్నదీ అదే. ఇంట్లో వేరే భాష మాట్లాడుతూ ఇంగ్లీష్ సాధించిన మనిషి వాళ్ల కళ్లముందు నిలబడటం చాలా విలువైన విషయమని నేను నమ్ముతాను.

నాది బీటెక్. బీఎడ్ లేదు, టీచింగ్ అనుభవం లేదు. పనికొస్తానా?

పనికొస్తారు. ఏదో ఒక బ్యాచిలర్ డిగ్రీ ఉంటే చాలు. మూడేళ్ల బీఏ, బీకాం, బీఎస్సీ కూడా సరిపోతాయి. డిప్లొమా ఒక్కటే ఉంటే కుదరదు. ప్రభుత్వ బడుల్లో మీ ఉద్యోగం పేరు అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్, అందరూ ఏఎల్‌టీ అంటారు. తరగతి బాధ్యత లైసెన్స్ ఉన్న జపనీస్ టీచర్‌ది కాబట్టి మీ దగ్గర లైసెన్స్ అడగరు. చిన్న పిల్లలతో గడిపిన అనుభవం, అది ట్యూషన్ కానివ్వండి, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంప్ కానివ్వండి, అప్లికేషన్‌లో రాయండి.

పదో తరగతి దాకా తెలుగు మీడియం. వీసా వస్తుందా?

ఇది చాలామందికి ఆలస్యంగా తెలిసే నిబంధన. బడుల్లో పనిచేసేవాళ్లకి ఇచ్చే "ఇన్‌స్ట్రక్టర్" వీసాకి, మీరు నేర్పే భాషలోనే కనీసం 12 ఏళ్లు చదివి ఉండాలి. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం అయితే ఇంటర్‌తోనే లెక్క పూర్తవుతుంది. ఆరో తరగతి నుంచి మారినవాళ్లకి బడిలో ఐదేళ్లు, ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు కలిపితే 11. ఒక్క ఏడాది తక్కువ. పీజీ ఉంటే దాటేస్తారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం అయితే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ప్రైవేట్ సంభాషణ స్కూళ్లకి వేరే వీసా ఉంది, దాని నిబంధనల్లో ఈ 12 ఏళ్ల షరతు లేదు. అయినా కంపెనీలు సొంతంగా అడగొచ్చు. ప్రతి స్కూలు నుంచీ మీడియం ఏదో రాసిన స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి. స్కూళ్లు మూతపడ్డాక వాటి కోసం మండల విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరగడం చాలా కష్టం.

జెట్, డిస్పాచ్ కంపెనీ, ఎయికైవా: దేనికి వెళ్లాలి?

జెట్ విదేశీయులని బడుల్లో పెట్టడానికి 1987లో మొదలైన జపాన్ ప్రభుత్వ కార్యక్రమం. ఢిల్లీలోని జపాన్ ఎంబసీ ద్వారా ఏడాదికి ఒకసారి ఎంపిక ఉంటుంది, ఇండియా నుంచి తీసుకునేది చాలా తక్కువమందిని. 2025 ఏప్రిల్ నుంచి మొదటి ఏడాది జీతం 40 లక్షల 20 వేల యెన్లు, అంటే నెలకి 3 లక్షల 35 వేలు. ప్రయాణం ఖర్చు వాళ్లదే. గరిష్ఠంగా ఐదేళ్లు ఉండొచ్చు. ఊరు మాత్రం వాళ్లు వేసిందే.

డిస్పాచ్ కంపెనీలు మునిసిపాలిటీలతో ఒప్పందం చేసుకుని టీచర్లని బడులకి పంపుతాయి. మనవాళ్లలో ఎక్కువమందికి దొరికే దారి ఇదే. చాలా చోట్ల నెలకి 2 లక్షల 30 వేల నుంచి రెండున్నర లక్షల యెన్ల మధ్య ఇస్తారు. కొన్ని మునిసిపాలిటీలు మధ్యలో ఎవరూ లేకుండా తామే తీసుకుంటాయి. అవి సాధారణంగా డిస్పాచ్‌కన్నా మెరుగు, కానీ ఇప్పటికే జపాన్‌లో ఉన్నవాళ్లనే ఎక్కువగా చూస్తాయి.

ఎయికైవా అంటే సంభాషణ నేర్పే ప్రైవేట్ స్కూలు. మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిది దాకా పని, వారాంతంలో కూడా క్లాసులు. ఈ రంగంలో అతిపెద్ద చైన్ అయిన నోవా 2007లో దివాలా తీసినప్పుడు వేలమంది విదేశీ టీచర్లు జీతాల్లేకుండా మిగిలారు. కాబట్టి కంపెనీ పరిస్థితి వాకబు చేశాకే సంతకం పెట్టండి. పిల్లలంటే ఇష్టముంటే బడికి రండి, పెద్దవాళ్లతో మాట్లాడటం ఇష్టమైతే ఎయికైవాకి వెళ్లండి. రెండూ పూర్తిగా వేర్వేరు జీవితాలు.

జపనీస్ అస్సలు రాదు. పర్లేదా?

ఉద్యోగానికి అడ్డం కాదు. కొన్ని బడుల్లో అయితే పిల్లలతో జపనీస్ మాట్లాడొద్దనే చెబుతారు. కానీ స్టాఫ్ రూమ్‌లో, ఆసుపత్రిలో, కరెంటు బిల్లు దగ్గర ఇంగ్లీష్ ఉండదు. బయల్దేరేలోపు హిరగానా, కతకానా రెండు లిపులూ చదవగలిగితే చాలు, మిగతాది ఇక్కడ వస్తుంది. క్రియ చివర వచ్చే వాక్యాలు, మాటకి ప్రత్యయాలు అతికించడం మనకి కొత్త కాదు కాబట్టి వ్యాకరణం తెలుగువాళ్లకి త్వరగా పట్టుబడుతుంది. కంజి, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు మాత్రం ఎవరికైనా ఏళ్ల పని.

## కాంట్రాక్టు, వీసా, ప్రయాణం

కాంట్రాక్టులో ముఖ్యంగా ఏం చూసుకోవాలి?

మీరు ఇక్కడ ఎలా బతుకుతారో ఊరికన్నా, బడికన్నా ఎక్కువగా ఆ కాగితమే నిర్ణయిస్తుంది. అందుకని ఈ నాలుగూ ముందే మెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

మొదటిది, ఆగస్టు జీతం. బడులకి సెలవులున్న నెలల్లో సగం జీతమో ఇంకా తక్కువో ఇచ్చే కంపెనీలున్నాయి. డిసెంబర్, మార్చి, ఏప్రిల్ నెలల్లో కూడా కోత ఉందేమో చూడండి. ఏడాది మొత్తం ఎంతొస్తుందో లెక్క వేసుకోండి, నెల జీతం చూసి మోసపోవద్దు.

రెండోది, వారానికి 29.5 గంటలు అన్న అంకె. ముప్పై గంటలు దాటితే ఉద్యోగి ఆరోగ్య బీమాలో, పెన్షన్‌లో కంపెనీ సగం కట్టాలి కాబట్టి దానికి అరగంట కింద ఆపేవాళ్లు. 2024 అక్టోబర్ నుంచి 50 మందికి మించి ఉద్యోగులున్న సంస్థల్లో వారానికి 20 గంటలు దాటినవాళ్లకి కూడా ఆ బీమా వర్తిస్తుంది. అయినా "షకాయ్ హోకెన్ ఉందా?", అంటే ఆ ఆరోగ్య బీమా, పెన్షన్ రెండూ ఉన్నాయా అని సూటిగా అడగండి.

మూడోది, మీరు డిస్పాచ్ పద్ధతిలో ఉన్నారా, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో ఉన్నారా అన్నది. రెండో పద్ధతిలో బడి టీచర్ మీకు నేరుగా పని చెప్పకూడదు, సూచనలన్నీ కంపెనీ ద్వారానే రావాలి. ఒకే తరగతిలో నిలబడి మాట్లాడుకోకూడదన్నమాట. పిల్లలకి ఇది అన్యాయం. అవకాశం ఉంటే ఇలాంటి ఒప్పందం వద్దనుకోండి.

నాలుగోది, కారు. కారు అవసరమైతే ఎవరు ఏర్పాటు చేస్తారు, పెట్రోల్ డబ్బు ఇస్తారా అడగండి.

వీసాకి ఎంతకాలం పడుతుంది?

ముందుగా మీకు ఉద్యోగం ఇచ్చినవాళ్లు జపాన్‌లో సీఓఈ అనే అర్హత పత్రానికి దరఖాస్తు చేస్తారు. అది రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు. వచ్చాక వీసా కోసం దరఖాస్తు. ఆంధ్ర, తెలంగాణ రెండూ చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. ఇది మామూలుగా కొద్ది రోజుల్లో అయిపోతుంది. సీఓఈ ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోపు జపాన్‌లో అడుగు పెట్టాలి. సీఓఈ చేతికి రాకుండా ఇండియాలోని ఉద్యోగానికి రాజీనామా చేయకండి.

పాస్‌పోర్టులో నా ఇంటిపేరు ఖాళీగా ఉంది. ఇబ్బందా?

ఇబ్బందే, కానీ ఆగిపోయేంత కాదు. జపాన్‌లో ప్రతి ఫారంలోనూ ఇంటిపేరు, పేరు విడిగా అడుగుతారు. మనలాగే ఇంటిపేరే ముందు. వీలుంటే బయల్దేరేలోపు పాస్‌పోర్టులో రెండూ నింపించుకోండి. తర్వాత రెసిడెన్స్ కార్డు, బ్యాంకు, ఫోన్, ఆరోగ్య బీమా అన్నిటిలో ఒకే వరసలో, ఒకే కతకానా స్పెల్లింగ్‌తో రాయించండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా జీతం జమ కాకుండా వెనక్కి పోతుంది.

లగేజీలో ఏం తెచ్చుకోవాలి, ఏం తేకూడదు?

మందుల దగ్గర జాగ్రత్త. కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు మోతాదు మించితే చట్టరీత్యా నిషేధం. డాక్టర్ రాసిన మామూలు మందులు నెలకి మించి తెచ్చుకోవాలంటే "యున్యు కకునిన్‌షో" అనే అనుమతి ముందే తీసుకోవాలి. మాంసం కలిసినవేవీ తేవద్దు, గోంగూర మటన్ పచ్చడి కూడా. తాజా కరివేపాకు, పండ్లు, విత్తనాలు వద్దు. బంగినపల్లి మామిడికి జపాన్ 2006లో తలుపు తెరిచింది గానీ అది ఆవిరి శుద్ధి చేసి పంపే ఎగుమతులకే, మన సూట్‌కేసుకి కాదు.

ఆవకాయ, కందిపొడి, చింతపండు, ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి. నల్ల సూటు ఒకటి, పెద్ద సైజు పాదాలైతే తెల్ల అడుగున్న ఇండోర్ బూట్లు కూడా. స్టాఫ్ రూమ్‌లో అందరికీ పెట్టడానికి విడివిడిగా చుట్టిన తీపి వస్తువు ఏదైనా తెస్తే బాగుంటుంది. ఆత్రేయపురం పూతరేకులకి ఇక్కడ చాలా ఆదరణ ఉంటుంది.

## దిగాక మొదటి నెల

మొదటి రెండు వారాల్లో ఏయే పనులు పూర్తి చేయాలి?

నరీతా, హనేడా, కన్సాయ్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దిగితే రెసిడెన్స్ కార్డు అక్కడే చేతికిస్తారు. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి ఆ కార్డు వెనుక అడ్రస్ రాయించుకోవాలి. మై నంబర్ (మన ఆధార్ లాంటి గుర్తింపు సంఖ్య) పని కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. తర్వాత ఫోన్, ఆ తర్వాత బ్యాంకు. చాలా బ్యాంకులు ఆరు నెలలు నిండని విదేశీయులకి పూర్తి ఖాతా ఇవ్వవు కాబట్టి మీ కంపెనీ ఏ బ్యాంకు చెబితే దాన్నే తెరవండి. పేరు ముద్ర, అంటే హాంకో, కతకానాలో చవకగా చేయించుకోండి.

ఇల్లు అద్దెకి తీసుకోవడానికి, మొదటి జీతం దాకా ఎంత డబ్బు చేతిలో ఉండాలి?

డిపాజిట్, యజమానికి తిరిగి రాకుండా ఇచ్చే "రేకిన్", ఏజెంటు కమీషన్, గ్యారంటీ కంపెనీ ఫీజు కలిపితే దిగేరోజుకే నాలుగైదు నెలల అద్దె ఖర్చవుతుంది. విదేశీయులకి ఇవ్వమని మొహం మీదే చెప్పే యజమానులు ఉన్నారు, అది బాధగానే ఉంటుంది. యూఆర్ అనే ప్రభుత్వ అనుబంధ సంస్థ ఇళ్లకి రేకిన్, గ్యారంటర్ రెండూ అక్కర్లేదు. జీతం చాలా చోట్ల మరుసటి నెల చివర్లో వస్తుంది. అందుకని కనీసం 4 లక్షల యెన్లు చేతిలో ఉంచుకుని రండి.

కారు తప్పనిసరా?

టోక్యో, ఒసాకాలో అక్కర్లేదు. గున్మా లాంటి చోట కారు లేకపోతే బడికే చేరలేం. ఇండియా 1949 జెనీవా ఒప్పందంలో ఉంది కాబట్టి మన ఆర్‌టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడ గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. ఎడమవైపు డ్రైవింగ్ మనకి అలవాటే. ఏడాదిలోపు జపాన్ లైసెన్సుకి మారాలంటే రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి. 2025 అక్టోబర్ నుంచి రాత పరీక్ష 50 ప్రశ్నలు, 90 శాతం రావాలి. మన లైసెన్సు తీసుకున్నాక కనీసం మూడు నెలలు ఇండియాలో ఉన్నట్టు పాస్‌పోర్టులో కనిపించాలి, కాబట్టి బయల్దేరే ముందు వారం లైసెన్సు తీసుకుంటే ఉపయోగం లేదు.

## బడిలో

రోజు ఎలా గడుస్తుంది?

ఎనిమిది ప్రాంతంలో బడికి చేరి, బయటి బూట్లు షెల్ఫులో పెట్టి లోపలి బూట్లు వేసుకుంటారు. స్టాఫ్ రూమ్‌లో అందరి బల్లలూ ఒకే గదిలో, వైస్ ప్రిన్సిపాల్ అందరూ కనిపించే చోట కూర్చుంటారు. గట్టిగా "ఒహాయో గొజాయ్‌మస్" (శుభోదయం) చెప్పి కూర్చోవాలి. ఆ పలకరింపు లేకుండా లోపలికి వస్తే ఎంత బాగా పాఠం చెప్పినా బడి మిమ్మల్ని తనవాళ్లుగా చూడదు.

రోజుకి నాలుగు నుంచి ఆరు పీరియడ్లు. ప్రాథమిక బడిలో పీరియడ్ 45 నిమిషాలు, జూనియర్ హైలో (ఏడు నుంచి తొమ్మిది తరగతులు) 50. 2020 నుంచి ఐదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీష్ మార్కులుండే సబ్జెక్టు అయింది, ఏడాదికి 70 పీరియడ్లు. మూడు, నాలుగు తరగతులకి 35, అక్కడ పాటలు, ఆటలే. జూనియర్ హైలో ఏడాదికి 140.

మధ్యాహ్నం భోజనం పిల్లలే తెల్ల ఏప్రన్లు, టోపీలు పెట్టుకుని వడ్డిస్తారు. మీరు ఏదో ఒక తరగతిలో వాళ్లతో కూర్చుని తింటారు. తర్వాత బడి అంతా పిల్లలే ఊడ్చి తుడుస్తారు. మీరూ చీపురు పట్టుకోండి. నా అనుభవంలో అసలైన ఇంగ్లీష్ ఇక్కడే జరుగుతుంది. క్లాసులో తల వంచుకుని కూర్చునే అబ్బాయి, కారిడార్ తుడుస్తూ బేస్‌బాల్ గురించి మూడు ముక్కల్లో చెబుతాడు. దానికి మార్కులుండవు, తప్పు పట్టేవాళ్లుండరు. ఈ ఉద్యోగంలో మంచి ఏఎల్‌టీని సాధారణ ఏఎల్‌టీ నుంచి వేరుచేసేది ఆ పావుగంటే.

నాలుగు దాటాక మీ పని అయిపోతుంది, జపనీస్ టీచర్లు మాత్రం క్లబ్బుల తర్వాత రాత్రి దాకా ఉంటారు. వెళ్లేటప్పుడు "ఒసాకి ని షిత్సురే షిమస్" (మీకన్నా ముందు వెళ్తున్నందుకు మన్నించండి) అని చెప్పి వెళ్లండి.

క్లాసులో పిల్లలు నోరే విప్పరు. ఏం చేయాలి?

వాళ్లకి రాక కాదు. అందరి ముందు తప్పు చెప్పడమంటే భయం. ఒక్కరిని లేపి అడిగితే పక్కవాళ్లతో గుసగుసలాడి, చివరికి "ఐ డోంట్ నో" అంటారు. ముందు రాయనివ్వండి, తర్వాత పక్కనున్నవాళ్లతో మాట్లాడనివ్వండి, ఆ తర్వాతే తరగతి ముందు అడగండి. అడిగాక పది క్షణాలు మౌనంగా ఆగండి, ఆ మౌనాన్ని మీరే నింపేయకండి. ప్రతి పిల్లాడి దగ్గరా బడి ఇచ్చిన ట్యాబ్లెట్ ఉంటుంది. జవాబులు అందులో పంపమంటే నోరు విప్పని అమ్మాయి అద్భుతంగా రాస్తుంది. ప్రాథమిక బడిలో సమస్య తలకిందులు: అందరూ ఒకేసారి అరుస్తారు.

జపనీస్ టీచర్ పక్కన ఊరికే నిలబడి "రిపీట్ ఆఫ్టర్ మీ" అనడమేనా పని?

కొందరితో అంతే ఉంటుంది, ముఖ్యంగా మొదటి నెలల్లో. హైస్కూల్ ఎంట్రన్స్ పరీక్ష దగ్గరపడుతుంటే వాళ్లకి సిలబస్ టెన్షన్ ఉంటుంది. పది నిమిషాల చిన్న కార్యక్రమం ఒకటి కాగితం మీద తయారుచేసి, పాఠంలోని వ్యాకరణానికే ముడిపెట్టి, రెండు రోజుల ముందు చూపించండి. తరగతి జరుగుతుండగా ఆయన తప్పు సరిచేయకండి. పిల్లల ముందు ఆయన పరువు పోతే మీ ఇద్దరి పనీ చెడుతుంది. ఏప్రిల్ ఒకటిన చాలామంది టీచర్లకి బదిలీ అవుతుంది. కుదిరిన జోడీ కూడా అప్పుడు మారిపోవచ్చు.

మొదటి క్లాసులో సెల్ఫ్ ఇంట్రడక్షన్‌కి ఏం చూపించాలి?

రూపాయి నాణేలు, నోట్లు పిల్లల చేతికి ఇవ్వండి. నోటు మీద ఎన్ని లిపులున్నాయో లెక్కపెట్టమనండి. అందరి పేర్లూ తెలుగులో రాసిస్తానంటే క్యూ కడతారు. సంక్రాంతి ముగ్గులు, గాలిపటాలు వాళ్లకి బాగా నచ్చుతాయి, గాలిపటం వాళ్ల కొత్త సంవత్సరపు ఆట కూడా. ఎక్కడికెళ్లినా వచ్చే ప్రశ్నలు: రోజూ కర్రీ తింటారా, ఏనుగు మీద వెళ్తారా, 19 పంతొమ్మిదుల దాకా ఎక్కం వచ్చా? ఇండియావాళ్లందరికీ పెద్ద ఎక్కాలు వచ్చని ఇక్కడ గట్టి నమ్మకం. నవ్వుతూ జవాబు చెప్పండి, నిజం చెప్పండి. చాలామంది పిల్లలకి తాము మాట్లాడిన మొదటి భారతీయులు మీరే.

అల్లరి చేస్తే ఒక దెబ్బ వేయొచ్చా? కనీసం గట్టిగా కోప్పడొచ్చా?

చేయి ఎత్తకూడదు, చెవి మెలిపెట్టకూడదు, సరదాకి కూడా. జపాన్ పాఠశాల విద్యా చట్టం 11వ అధికరణ శారీరక శిక్షను నిషేధిస్తుంది. కోప్పడటం హోమ్‌రూమ్ టీచర్ (ఆ తరగతి క్లాస్ టీచర్) పని; ఆయనకి ఆ పిల్లాడి ఇంటి పరిస్థితి తెలుసు, మీకు తెలియదు. అలాగే పిల్లలతో లైన్ (వాట్సాప్ లాంటి యాప్), ఇన్‌స్టాగ్రామ్‌లో సొంతంగా మాట్లాడకండి, వాళ్ల ఫొటోలు ఎక్కడా పెట్టకండి.

బొట్టు, ముక్కుపుడక, చీర పర్వాలేదా?

బొట్టుకి సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు, పిల్లలు అర్థం అడుగుతారు. ముక్కుపుడక ముందే అడగాలి. పిల్లలకి చెవులు కుట్టించుకోవడమే నిషేధమున్న బడుల్లో అది సమస్య అవుతుంది. ఇది మన సంప్రదాయమని కంపెనీ ద్వారా చెప్పిస్తే ఒప్పుకునే ప్రిన్సిపాళ్లున్నారు. చీర రోజూ కుదరదు గానీ మార్చిలో స్నాతకోత్సవానికి మాత్రం కట్టుకోండి. ఆ రోజు కొందరు టీచర్లు కిమోనోలో వస్తారు.

వేసవి సెలవుల్లో ఇండియా రావచ్చా?

సెలవులు పిల్లలకి, జూలై చివరి నుంచి ఆగస్టు చివరి దాకా. జెట్ వాళ్లు, మునిసిపాలిటీ ఉద్యోగులు చాలా చోట్ల ఆఫీసుకి రావాలి లేదా వార్షిక సెలవు వాడుకోవాలి. డిస్పాచ్ వాళ్లకి ఖాళీ దొరుకుతుంది, జీతం తగ్గుతుంది. చట్టప్రకారం ఆరు నెలలు పూర్తయితే పది రోజుల జీతంతో కూడిన సెలవు వస్తుంది. సంక్రాంతికి రావడం దాదాపు కుదరదు, జనవరిలో బడి ఏడో ఎనిమిదో తారీఖుకే మొదలైపోతుంది.

టీచర్లంతా తాగే పార్టీలకి వెళ్లకపోతే తప్పనుకుంటారా?

అనుకోరు. కానీ డిసెంబర్‌లో జరిగే బోనెన్‌కై అనే ఏడాది చివరి విందుకైనా వెళ్లండి. ఊలాంగ్ టీ పట్టుకుని కూర్చోవచ్చు. ఖర్చు సుమారు 5 వేల యెన్లు. బడిలో ముభావంగా ఉండే టీచర్లు అక్కడ మనసు విప్పి మాట్లాడతారు.

## తిండి, ఇల్లు, డబ్బు

నేను వెజిటేరియన్. బతకగలనా?

బతకగలరు, వంట వస్తేనే. బడి భోజనంలో దాదాపు రోజూ చేపో పంది మాంసమో ఉంటుంది. కూరగాయల సూప్‌లా కనిపించేదానిలో కూడా ఎండబెట్టిన చేపతో కాచిన దాషి అనే రసం కలుస్తుంది. పిల్లలు ఇష్టపడే కర్రీ రైస్ ముద్దలో తరచుగా ఎద్దు, పంది కొవ్వు ఉంటాయి. అందుకని "తినను" అని మాటవరసకి చెప్పడం కాకుండా, చేరిన రోజే బడి భోజనం వద్దని రాసిచ్చి, బెంతో, అంటే భోజనం డబ్బా తెచ్చుకోండి. పులిహోర, పెరుగన్నం, చపాతీ కూర ఏదైనా సరే; ఇంగువ, వెల్లుల్లి ఘాటు స్టాఫ్ రూమ్‌లో కొంచెం తగ్గించుకుంటే మంచిది. మీరెందుకు వేరే తింటున్నారని పిల్లలు అడుగుతారు, అది కూడా ఒక మంచి ఇంగ్లీష్ పాఠమే. గుడ్డు తింటే పని చాలా తేలిక. టోఫు, నత్తో (పులియబెట్టిన సోయా గింజలు), పాలు, పెరుగు అన్ని చోట్లా దొరుకుతాయి.

కందిపప్పు, సోనా మసూరి ఎక్కడ దొరుకుతాయి?

టోక్యోలో నిషికసాయ్‌లో భారతీయ కుటుంబాలు ఎక్కువ, అక్కడ అన్నీ దొరుకుతాయి. ఊళ్లలో హలాల్ కొట్లే మనకి కిరాణా. గున్మాలో ఇసెసాకి, ఓఇజుమి వైపు ఇలాంటివి చాలా ఉన్నాయి. మిగతాది ఆన్‌లైన్. టోక్యో పరిసరాల్లో తెలుగువాళ్లు ఉగాది, బతుకమ్మ కలిసి చేసుకుంటారు, ఒకసారి వెళ్తే పరిచయాలు అవుతాయి.

చలి తట్టుకోగలమా?

బయటి చలికన్నా ఇళ్లలో చలి ఎక్కువ. హొక్కైదోలో తప్ప చాలా అద్దె ఇళ్లకి గోడల్లో వేడిని ఆపే ఏర్పాటు తక్కువ. కిరోసిన్ హీటర్, కొతాత్సు (కింద హీటర్ ఉండే పొట్టి బల్ల) కొనుక్కోండి. ఎండ గురించి మాత్రం ఎవరూ అడగరు. 2025 ఆగస్టు 5న ఇసెసాకిలో 41.8 డిగ్రీలు నమోదైంది, అది జపాన్ రికార్డు. తేమతో కలిసిన ఆ ఎండ విజయవాడ మే నెలని తలపిస్తుంది.

భూకంపం వస్తే ఏం చేయాలి?

బల్ల కింద దూరి, బల్ల కాళ్లు పట్టుకుని, ఊపు ఆగేదాకా ఉండాలి. ఫోన్ ముందే మోగవచ్చు. బడిలో ఏడాదికి చాలాసార్లు డ్రిల్ చేస్తారు. నెట్టొద్దు, పరిగెత్తొద్దు, మాట్లాడొద్దు, వెనక్కి వెళ్లొద్దు అని చిన్న పిల్లలకి కూడా కంఠతా వచ్చు. ఆ సమయంలో మీ పని పిల్లలని లెక్కపెట్టడం కాదు, హోమ్‌రూమ్ టీచర్ చెప్పింది ప్రశాంతంగా చేయడం. ఇంట్లో మూడు రోజులకి సరిపడా నీళ్లు, టార్చ్, పాస్‌పోర్టు ఒక సంచిలో ఉంచండి. అంబులెన్స్, అగ్నిమాపకం 119, పోలీసులు 110. ఈ విషయం ఇంట్లో అమ్మానాన్నలకి కూడా వివరంగా చెప్పండి, టీవీలో జపాన్ భూకంపం అని రాగానే వాళ్లే ఎక్కువ హడలిపోతారు.

నెలకి ఎంత మిగులుతుంది?

2 లక్షల 40 వేల యెన్ల జీతం అనుకుందాం. పెన్షన్‌కి 9.15 శాతం, ఆరోగ్య బీమాకి సుమారు 5 శాతం, ఆదాయపు పన్ను పోగా చేతికి 2 లక్షలకి కాస్త తక్కువ వస్తుంది. చిన్న ఊళ్లో అద్దె 50 వేలు, కరెంటు గ్యాస్ నీళ్లు 14 వేలు, వండుకుంటే తిండికి 35 నుంచి 40 వేలు, కారు ఖర్చు 20 వేలు, ఫోన్. జాగ్రత్తగా ఉంటే 70 వేల దాకా మిగులుతుంది. ఈ మధ్య యెన్ 60 పైసలకి కాస్త అటూ ఇటూగా ఉంది, కాబట్టి అది సుమారు 40 వేల రూపాయలు. పెద్ద అప్పులు తీర్చడానికి ఇది సరైన ఉద్యోగం కాదు. ఈ మాట ఇంట్లోవాళ్లకి ముందే స్పష్టంగా చెప్పండి.

## రెండో ఏడాది నుంచి

రెండో ఏడాది జూన్‌లో జీతం తగ్గిందేంటి?

నివాస పన్ను. కిందటి ఏడాది ఆదాయం మీద సుమారు 10 శాతం, జూన్ నుంచి వసూలు చేస్తారు. మొదటి ఏడాది ఇక్కడ పాత ఆదాయం ఉండదు కాబట్టి రాదు. జపాన్ వదిలి వెళ్లినా జనవరి ఒకటిన ఇక్కడ ఉంటే ఆ పన్ను కట్టాల్సిందే.

భార్యని, పిల్లలని తీసుకురావచ్చా?

డిపెండెంట్ వీసా మీద రావచ్చు. అనుమతి తీసుకుంటే భార్య లేదా భర్త వారానికి 28 గంటల దాకా పనిచేయొచ్చు. పిల్లలని ప్రభుత్వ బడిలో ఫీజు లేకుండా చేర్చుకుంటారు. ఏఎల్‌టీ జీతం ఒక్కదానితో ఇద్దరు పిల్లల సంసారం కష్టం.

సాయంత్రాలు ప్రైవేట్‌గా ట్యూషన్ చెప్పొచ్చా?

ఇన్‌స్ట్రక్టర్ వీసా బడి పనికే. ఎయికైవాలో గానీ సొంతంగా గానీ చెప్పాలంటే ఇమిగ్రేషన్ అనుమతి కావాలి, కాంట్రాక్టు కూడా ఒప్పుకోవాలి. ఉద్యోగం మారినా 14 రోజుల్లో ఇమిగ్రేషన్‌కి తెలపాలి. వీసా పొడిగింపు దగ్గర ఇవన్నీ చూస్తారు.

వెళ్లిపోయేటప్పుడు కట్టిన పెన్షన్ వెనక్కి వస్తుందా?

కనీసం ఆరు నెలలు కట్టి ఉంటే, జపాన్ వదిలిన రెండేళ్లలోపు అడిగితే కొంత వస్తుంది. గరిష్ఠంగా ఐదేళ్ల మేరకే లెక్క కడతారు, అందులో 20.42 శాతం పన్ను పట్టుకుంటారు. పన్ను వెనక్కి తెచ్చుకోవడానికి జపాన్‌లో ఒకరిని ప్రతినిధిగా పెట్టి వెళ్లాలి. ఇండియా, జపాన్ మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2016 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం రెండు దేశాల్లో కట్టిన కాలాన్ని కలిపి అర్హత లెక్కిస్తారు. డబ్బు వెనక్కి తీసుకుంటే ఆ కాలం చెరిగిపోతుంది. మళ్లీ జపాన్ వచ్చే ఆలోచన ఉంటే తొందరపడకండి.

ఐదేళ్లయ్యాక ఏంటి? జీవితాంతం అసిస్టెంట్‌గానే ఉండిపోతామా?

ఏమీ చేయకపోతే ఉండిపోతారు. చాలా కాంట్రాక్టులు ఏడాదికోసారి కొత్తవే, జీతం పెద్దగా పెరగదు. దారులు మాత్రం ఉన్నాయి. మాస్టర్స్, ప్రచురించిన వ్యాసాలు ఉంటే యూనివర్సిటీలో ఇంగ్లీష్ చెప్పొచ్చు. ప్రిఫెక్చర్ విద్యా బోర్డు ఇచ్చే ప్రత్యేక లైసెన్సుతో పూర్తి స్థాయి టీచర్ అయినవాళ్లున్నారు. బీటెక్ ఉన్నవాళ్లు జపనీస్ నేర్చుకుని కంపెనీలకి మారుతున్నారు. శాశ్వత నివాసానికి మామూలుగా పదేళ్లు ఉండాలి, అందులో ఐదేళ్లు ఉద్యోగ వీసా మీద. వీటన్నిటికీ మొదటి మెట్టు జపనీస్ భాషే. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో రెండో ఏడాదిలో ఎన్3 స్థాయి, నాలుగో ఏడాదిలో అంతకన్నా కష్టమైన ఎన్2 అని పెట్టుకుంటే రోజూ ఖాళీ పీరియడ్లలో చదువు సాగుతుంది. పరీక్ష జూలైలో, డిసెంబర్‌లో జరుగుతుంది; జూలై పరీక్షకి ఇక్కడ మార్చి, ఏప్రిల్ ప్రాంతంలోనే దరఖాస్తు చేయాలి.